నడుములోతు గుంత

మా ఇంటెనుక పెరట్ల ఒక గుంత ఉండె. నడుములోతు. నా నడుములోతు అన్నట్టు, పెద్దోళ్ళకైతే మోకాలు గూడ దాటదు. పొద్దుగాల లేవంగనే అమ్మ నన్ను చంకనెత్తుకొని పోయి అండ్ల నిలబెట్టేది. చుట్టూ మన్ను పోసి, రెండు చేతులతోని ఒత్తి ఒత్తి గట్టిగ చేసేది. ఏం తప్పు చేసిందో ఈ పిల్ల అని దారిన పోయేటోళ్ళు ఆగి చూస్తుండ్రి. అది నాకు చేసే వైద్యం.

నాకు నాలుగేండ్లప్పుడు జరమొచ్చింది. జరం తగ్గింది గని ఎడమ కాలు లేవలే. ఇప్పుడైతే పోలియో అని ఎవరైనా చెప్తరు. అప్పుడు మా ఊరు బగ్దల్‌ల దానికి పేరే లేకుండె. "కాలు పడిపోయింది" అంటుండ్రి, అంతే. నాయిన నన్ను భుజాన ఏసుకొని బీదర్ సర్కారు దవాఖానకు పోయిండు. అక్కడి డాక్టరు మైసూరు దిక్కు నుంచి కొత్తగ బదిలీ అయి వచ్చిన మనిషి. రోజు మాలీసు చెయ్యాలె, రోజు నిలబెట్టాలె, ఏండ్లు పడ్తది, వస్తే వస్తది లేకుంటే లేదు అన్నడు. నాయిన ఇంటికొచ్చి మంచంల కూలబడి, "లేకుంటే లేదు అన్నడే" అని తల పట్టుకున్నడు. అమ్మ మాత్రం "రోజు చెయ్యాలె అన్నడు గదా" అని లేసి పొయ్యి ముట్టించింది.

గుంత సంగతి డాక్టరు చెప్పలే. పసిపిల్లలకు నీళ్ళు పోసి, మాలీసు చేసే ముసలామె ఒకామె ఉండె మా గల్లీల. ఆమె చెప్పింది. నువ్వులనూనెల ఎల్లిపాయలేసి కాచి రుద్దు, వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టు, రుద్దినంక మన్నుల నిలబెట్టు, భూమి బలాన్ని కాళ్ళల్లకు గుంజుతది అన్నది. చాయ తాగింది, లేసింది, గడప దాటినంక వెనక్కి తిరిగి ఇంకో మాటన్నది. "ఒక్కదినం తప్పినా చేసిందంత వట్టిదే బిడ్డా. మళ్ళ మొదట్నుంచే."

ఆ ముసలిదాని నోట్ల మన్ను పడ! ఆ ఒక్క మాటతోని మా ఇంట్ల నిమ్మళం లేకుంట పోయింది.

మా అమ్మ ఒకటి పట్టిందంటే ఇడ్శే మనిషి కాదు. డాక్టరు చెప్పింది చేసింది, ముసలామె చెప్పింది చేసింది. శనివారం హనుమంతుని గుడిల కొబ్బరికాయ కొట్టింది. బేస్తారం దర్గాకు పోయి తావీజు తెచ్చి నా మెడల కట్టింది. ఏ దేవునికి కోపం రావొద్దు, ఏ దినం తప్పొద్దు. "పిచ్చి లేసిందా నీకు?" అని నాయిన అంటే, "ఆఁ, లేసింది. నీ బిడ్డ లేసేదాక ఇట్లనే ఉంటది" అనేది.

నాయిన మన్నాఏఖేళ్ళి రోడ్డు మీద కంకర కొట్టేటోడు. చేతులు గట్టివి, మనసు మెత్తది. "గీ పెంటంత ఎందుకే, బడికి నేనే మోసుకపోత" అన్నడు ఒకసారి. అమ్మ చేతిల చాట కిందేసింది.

"ఎన్నేండ్లు మోస్తవ్? నువ్వు ముసలోనివైనంక ఎవరు మోస్తరు? మనిద్దరం పోయినంక ఎవరు మోస్తరు? అది బడికి తన కాళ్ళ మీద పోవాలె. ఎవ్వరి భుజం వద్దు."

ఆమె కోరిక అంతే. నౌకరి రావాలె, పేరు రావాలె అని ఎన్నడు అనలే. మా ఇంటి నుంచి ఎర్రమట్టి గడ్డ ఎక్కితే బడి వస్తది. గుంతల నిలబడి చూస్తే దాని పెంకులు కనపడేటియి. రోజు అటే చూడుమనేది అమ్మ. నేను చూసేదాన్ని గని, అది ఒక్క జానెడు గూడ దగ్గరికి రాకపోయేది.

గుంతల నిలబడుడంటే మొదట సల్లగ మంచిగనే ఉంటది. తర్వాత నడుం గుంజుతది, ఈగలు ముసురుతయ్, ముక్కు దురద పెడ్తది. పక్కింటామె గోడ మీదికెళ్ళి తొంగి చూసి, "ఏం చెట్టు నాటినవ్ వదినా? కాయలెప్పుడు తెంపుదాం?" అనేది. "నీ కొడుకు పెండ్లికి గంపెడు పంపుత, అందరు కూసోని తినుండ్రి" అని అమ్మ ఇటు నుంచి ఇచ్చేది. వానకాలం గుంత నిండ నీళ్ళు. అమ్మ తోడిపోసేది, నాయిన నా మీద గొంగడి పట్టుకొని నిలబడేటోడు. వాన ఆగకపోయేది, నాయిన గొణుగుడు గూడ ఆగకపోయేది.

నాకైతే ఆ గుంత కన్న, దినం తప్పుతదేమో అన్న భయమే ఎక్కువుండె. దయ్యాలకు గూడ అంత భయపడలే నేను. అమ్మ దగ్గితే నాకు ముద్ద దిగకపోయేది. అమ్మకు తలనొస్తుందంటే పరేషానయ్యేదాన్ని. పండుకునే ముందు కొంగు పట్టుకొని "రేపు చేస్తవు గదమ్మా?" అని అడుగుతుంటి. "చేస్త, పండుకో" అనేది. కండ్లు మూసుకునేదాన్ని గని చెవులు మూతబడేటియి కావు, అమ్మ ఊపిరి సప్పుడే ఇంటుంటి. ఒక చిన్నపిల్ల ఇట్ల ఫికర్ చేస్తదా అంటే, చేస్తది. నేను చేసిన.

మాలీసు అయినంక అమ్మ నా బొటనేలు పట్టుకొని "కదుపు" అనేది. నేను పండ్లు బిగవట్టి, మొఖం ఎర్రగ చేసి కదుపుతుంటి. ఒకోపారి కదిలినట్టే ఉండె. నేను కదిపిన్నో, అమ్మ చెయ్యే వణికిందో ఇద్దరికి తెల్వదు. మళ్ళ అడిగితే యాడ లేదని తేలుతదో అని అమ్మ గూడ అడగకపోయేది.

ఏడాది తిరిగినంక నాయిన పెరట్ల రెండు బొంగులు కట్టిండు, పట్టుకొని నడిచేతందుకు. ఒకనాడు వాటి నడుమ నిలబడి, మంచి కాలు లేపిన. ఎడమ కాలు నా బరువు ఆపింది. కన్ను మూసి తెరిచేంతసేపే. పడ్డ గూడ. కని ఆపింది. అమ్మ ఎవ్వరికి చెప్పొద్దన్నది, దిష్టి తగుల్తదని. పొయ్యి కాడ కూసోని తనల తనే నవ్వుకున్నది. ఆమె అట్ల నవ్వంగ అంతకు ముందు నేను చూడలే.

జొన్న నడుమెత్తు పెరిగిన దినాలల్ల తాత పోయిండు. అమ్మ వాళ్ళ నాయిన. ఔరాద్ అవుతల ఒక పల్లె వాళ్ళది. పగటి బువ్వ తినే యాళ్ళకు ఒకాయన బస్సు దిగి వచ్చి కబురు చెప్పిండు. అమ్మ నేల మీద పడి ఏడ్శింది. ఏడ్చుకుంటనే లేసి మూట కట్టింది. అండ్ల నూనె సీస పెట్టింది. బిరడ గట్టిగున్నదా లేదా చూసి, పాత చీరె చుట్టి, నడుమ పెట్టింది. అది చూసినంక నా పానం కుదుటపడ్డది. తాత పోయిండన్న దుఃఖం నాకింకా రాలే. పొద్దుగాలటి మాలీసు అయిపోయింది, రేపటిది గూడ తప్పదు అన్న ధైర్యం మాత్రం వచ్చింది.

మేం పోయే యాళ్ళకు పొద్దు గూకుతుంది. మా కోసమే ఆపిండ్రు. మా కులంల కాల్చుడు లేదు, పూడ్చుడే. నాయిన భుజం మీద కూసోని నేను అంత చూసిన. తాతను దించిండ్రు. ఒక్కొక్కరు వంగి పిడికెడు మన్ను పోసిండ్రు. నాయిన నా చేతిల గూడ ఇంత మన్ను పెట్టి "పొయ్యి బిడ్డా" అన్నడు. కాళ్ళ చుట్టు పోసే మన్ను నాకు ఎరుకే. మొఖం మీద పోసేది చూసుడు అదే మొదలు. నా నడుం కింద యాడనో సల్లగయింది.

తెల్లారింది. అమ్మ కండ్లు వాచి ఉన్నయ్. నన్ను ఎత్తుకపోయి దొడ్డి గోడ కాడ కూసోబెట్టింది. సావుకు వాడిన పార ఇంట్లకు తేవొద్దని కడిగి ఆ గోడకే ఆనించిండ్రు. ఇంకో పార ఎవర్ని అడుగుతది పాపం, అదే పట్టుకొని తవ్వుడు మొదలువెట్టింది. అక్కడ నల్లరేగడి. పార పడ్తుంది, మన్ను అంటుకొని వస్తుంది. మా మేనమామ పెండ్లాం, మా అత్త, బర్రెకు గడ్డి ఎయ్యనీకి వచ్చింది. మరాఠీ దిక్కు మనిషి. చూసింది, గడ్డి కింద పడేసింది.

"అగ బాయీ! బొంద తవ్వుతుంది! ఇంటెనుక బొంద తవ్వుతుంది!"

ఒక్క కేక. ఇల్లంత వచ్చి మా చుట్టు నిలబడ్డది. మామ ముందుకొచ్చి పార పట్టుకున్నడు. "నిన్ననే ఒకటి తవ్వినం. ఇయ్యాల ఇంకోటి తవ్వుతవా? ఎవర్ని పెడ్తవ్ అండ్ల?"

"ఎవర్నేందన్నా? పిల్లకు మాలీసు చేసి నిలబెట్టాలె. రోజు చేసేదే."

"సూతకంల నూనె ముట్టొద్దు, తెల్వదా నీకు?" అన్నడు పెద్దమనిషి ఒకాయన, మాకు తాత వరుస. "సూతకపు ఇంట్ల గుంత తవ్వితే అది ఊకె ఉండదు. ఇంకో పానం అడుగుతది. దినాలు గడవనియ్యుండ్రి."

"ఒక్కదినం తప్పలే నేను ఇన్ని దినాలు" అన్నది అమ్మ. "వానల తప్పలే, జరంల తప్పలే. ఒక్కదినం తప్పినా అంత పోతదంట. మీరు పది దినాలు ఆగుమంటరా?"

నాయిన నెమ్మదిగ "ఈ ఒక్కసారికి ఇడ్శిపెట్టు" అన్నడు. అమ్మ ఆయన దిక్కు చూసిన చూపు నేను చెప్పలేను. ఆమెకు ఆ మాట ఆయన నోటి నుంచి రావొద్దనుండె.

నా పరిస్థితి అడగొద్దు. ఎండ గోడ దిగి వస్తుంది, దినం పోతుంది, కాలు పోతుంది. ఇటు చూస్తే గుంత ఇంకో పానం అడుగుతదంట. ఎవరిది? అమ్మదా? నాయినదా? "అమ్మా వద్దు, నేను నిలబడ, వద్దు" అని ఒర్రిన. అనంగనే కాలు పోయింది, ఖతం, ఇంక ఎన్నడు రాదు అని ఇంకో ఏడుపు ఎత్తుకున్న.

అప్పుడు అమ్మమ్మ వచ్చింది. మొగడు పోయిన మనిషి, దినాలయ్యేదాక లోపలి అర్ర దాటి రావొద్దు. గోడ పట్టుకొని, తలమీద కొంగు కప్పుకొని వచ్చింది. ఆడోళ్ళు "పెద్దమ్మా, పెద్దమ్మా" అని వెనక ఉరికొస్తుండ్రు.

"ఏందా లొల్లి?"

అత్త చెప్పింది. అమ్మమ్మ గుంత చూసింది, నన్ను చూసింది. నా చీమిడి ముక్కు చూసింది.

"పానం అడుగుతదా? అడిగితే నాదున్నది, ఇయ్యుండ్రి. ఇంక నేను దీన్ని పెట్టుకొని ఏం చేస్త? తవ్వుండ్రి."

"అమ్మా!" అన్నడు మామ.

"సచ్చినోడు లేవడురా. ఇది లేవాలె. తవ్వు. ఆడపిల్లతోని తవ్విస్తుండ్రు, సిగ్గులేదు?"

మామ తవ్విండు. ఏడ్చుకుంట తవ్విండు. అమ్మమ్మ అక్కడనే నేల మీద కూసోని, నూనె సీస తెప్పించి, నా కాలు తన ఒడిల పెట్టుకొని తనే రుద్దింది. కొడవలి పట్టి పట్టి ఆమె చేతులు గరుకు. నొచ్చింది, నేను కిక్కురుమనలే. పెద్దమనిషి నెత్తి మీది పటకా సదురుకొని ఎల్లిపోయిండు.

ఉన్నన్ని దినాలు నన్ను ఆ గుంతల నిలబెట్టిండ్రు. బడి లేదు చూడనీకి, అమ్మమ్మనే చూస్తుంటి. ఆమె తింటుందా, నడుస్తుందా, ఊపిరి తీస్తుందా. ఆమె కునుకు తీస్తే చాలు, "అమ్మమ్మా!" అని పిలిచేదాన్ని. "ఉన్ననే, యాడికి పోతనే" అనేది. ఒకనాడు కసురుకున్నది గూడ. "ఊకె నన్నేం చూస్తవ్? నేనేమన్న జాతరనా? సక్కగ నిలబడు." మేం ఊరికి మల్లిన దినం ఆమె మంచిగనే ఉండె. బస్సెక్కినంక నేను అమ్మ మీద పడి నిద్రపోయిన.

ఎండకాలం రానే వచ్చింది. అమ్మమ్మ పోయింది.

వడదెబ్బ అన్నరు. చేన్ల కట్టెపుల్లలు ఏరుకునేతందుకు పోయి పడిపోయిందంట. మేం పోయినం, మన్ను పోసినం. అందరి నడుమ అత్త తిట్టలే, అరవలే, మామూలుగ అన్నది. "గుంత అడిగింది, తీసుకున్నది." ఎవ్వరికైనా మాటకు మాట ఇచ్చే మా అమ్మ, తల దించుకొని కూసున్నది. అప్పుడు నాకు తెలిసింది, అమ్మ గూడ అదే అనుకుంటుందని.

ఈసారి మూటల నూనె సీస రాలే. పార ఎవరు ముట్టలే. సూతకమంత అయ్యేదాక అక్కడనే ఉన్నం, ఒక్కదినం గూడ నన్ను ఎవ్వరు నిలబెట్టలే. నేను అడగలే. ఎట్ల అడుగుత?

బగ్దల్‌కు వచ్చినం. మర్నాడు పొద్దుగాల అమ్మ లేసింది, వాకిలి ఊడ్శింది, బర్రె పిండింది, గోడకు ఆనుకొని కూసున్నది. నాయిన పనికి పోయిండు. ఎండ ఎక్కుతుంది. పొయ్యి మీద నూనె గిన్నె లేదు. నేను చాప మీద కూసోని ఎదురు చూసిన. అమ్మ నా దిక్కు చూస్తలేదు. నా కాలు దిక్కు అసలే చూస్తలేదు.

భయం భయంగ బొటనేలు కదిపి చూసిన. కదిలింది. ముందెట్ల కదిలేదో అట్లనే కదిలింది. ఇన్ని దినాలు తప్పినయ్, కాలు ఎట్లున్నది అట్లనే ఉన్నది, ఏం పోలే! అంటే ఆ ముసలామె చెప్పింది ఉత్త మాటనే. రాత్రులు నేను అమ్మ ఊపిరి లెక్కపెట్టుకుంట పండుకున్నది బేకార్. నాకు మస్తు కోపమొచ్చింది. కోపం దిగినంక ఒక ఆలోచనొచ్చింది. ఆమె మాట అబద్ధమైతే, గుంత పానం అడుగుతదన్నది గూడ అబద్ధమే కావొచ్చు గదా?

కావొచ్చు. కాకపోవచ్చు. ఆరేండ్ల పిల్లను, నాకేం తెలుస్తది. ఇప్పటికి గూడ నాకు తెల్వదు. కని ఒకటి మాత్రం అప్పుడే గట్టిగ అనిపించింది. అది నిజమే అయితే, అమ్మమ్మ తన పానం నా కాలు కోసం ఇచ్చి పోయినంక, నేను చాప మీద కూసోని ఉంటనా?

చాప దిగిన. రెండు చేతుల మీద జరుగుకుంట పెరట్లకు పోయిన. గుంతల ఆకులు పడి ఉన్నయ్, మేకపెంటికలు ఉన్నయ్. తీసి పారేసిన. ముందు మంచి కాలు దించిన, తర్వాత రెండు చేతులతోని ఎడమ కాలు ఎత్తి లోపల పెట్టుకున్న. అంచు పట్టుకొని నిలబడ్డ. మన్ను చుట్టు పోసుకునుడు మాత్రం నాతోని అయితలేదు. చేతులు ఇడిస్తే పడ్త.

"అమ్మా! మన్ను పొయ్యి."

అమ్మ వచ్చింది. గుంతల నన్ను చూసి అక్కడనే ఆగిపోయింది.

"నాతోని కాదు బిడ్డా" అన్నది. "మన్ను చేత పట్టుకుంటే మా అమ్మ మొఖమే కనపడ్తుంది."

"నాకు గూడ కనపడ్తుంది" అన్న. "పొయ్యి."

అమ్మ మోకాళ్ళ మీద కూసున్నది. పిడికెడు మన్ను తీసింది, పట్టుకొని ఉన్నది, నా కాళ్ళ కాడ పోసింది. ఇంకో పిడికెడు. అమ్మమ్మ సావుల అందరి ముందు ఏడ్వని మనిషి, ఆ పెరట్ల ఎవ్వరు లేని కాడ గట్టిగ ఏడ్శింది. "అమ్మా, అవ్వా" అని వాళ్ళ అమ్మను పిలుచుకుంట, మన్ను పోసుకుంట, ఒత్తుకుంట. పక్కింటామె గోడ మీదికెళ్ళి చూసింది, ఈసారి ఏం అనలే. నేను నిలబడ్డ.

నడక ఆ ఏడు రాలే. దాని మీది ఏడు వచ్చింది, అదీ సక్కని నడకేం కాదు. ఎడమ చెయ్యి తొడ మీద ఒత్తి పెట్టుకొని, ఒక పక్కకు ఒరిగి, ఒక్కో అడుగు. మిరుగు కార్తె వానలు పడ్డంక బడి తెరిచిండ్రు. ఎర్రమట్టి గడ్డ జారుతుంది. అమ్మ నా వెనకనే వస్తుంది, చేతులు వెనక్కి కట్టుకొని. నన్ను పట్టుకుంటదేమో అని తన చేతులను తనే పట్టుకున్నది. నేను రెండుసార్లు పడ్డ. లేపలే. లేసిన.

బడి అరుగు ఎక్కి సారు ముందర నిలబడ్డ. నా పావడ నిండ ఎర్రమట్టి. వద్దు పో అంటడేమోనని భయం. ఆయన నా కాలు చూసిండు, తొడ మీద ఉన్న చెయ్యి చూసిండు. మెల్లగ కన్నడంల అడిగిండు, "యార్ కర్కొండ్ బందారమ్మా?" అని. ఎవరు తోలుకొచ్చిండ్రని. ఆపాటి కన్నడం నాకు వస్తది.

"మా అమ్మమ్మ" అన్న.

సారు తల ఎత్తి, మెట్ల కింద నిలబడ్డ మా అమ్మను చూసిండు. పాతికేండ్లు ఉంటయేమో ఆమెకు. "ఈమెనా అమ్మమ్మ?" అని నవ్విండు. బడిల పిల్లలు గూడ నవ్విండ్రు.

అమ్మ నవ్వలే. కాదని గూడ అనలే. కొంగుతోని మొఖం తుడుచుకొని, "అవును సారూ, ఆమెనే తోలుకొచ్చింది" అన్నది.